బండి నడుస్తోందా? నిలబడిందా?
(పాత ట్రక్కులకు ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చడంలో స్పీడ్ సెన్సారు పాత్ర)

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (మెకానికల్), ద్వితీయ సంవత్సరం



మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెను గారు ఫోను చేసినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. కానీ మన సంచికలో కవితలకు ఎప్పుడూ లోటు లేదు. అందుకే నేను చదువుతున్న చదువులోంచి ఒక చిన్న విషయాన్ని, అది నాకు నేర్పిన పాఠాన్ని మీతో పంచుకుంటున్నాను. పదో తరగతి సైన్సు తెలిసిన వారెవరికైనా ఇది అర్థమవుతుంది. అర్థం కాకపోతే తప్పు నాదే, మీది కాదు.

గత సెమిస్టరులో మా తరగతిలో ప్రతి ఒక్కరం ఒక సెమినారు ఇవ్వాల్సి వచ్చింది. నాకు వచ్చిన అంశం, అమెరికాలో పాత ట్రక్కులకు ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చేటప్పుడు వాహన వేగాన్ని చెప్పే సెన్సారు. పదిహేను రోజులు లైబ్రరీలో కూర్చుని బొమ్మలు, లెక్కలు అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఇంగ్లీషులో అరగంట తడబడకుండా మాట్లాడాను. చివర్లో మా ప్రొఫెసరు గారు ఒకే ఒక ప్రశ్న వేశారు.

"ఈ సెన్సారు వైరు పీకేసినా ఇంజను స్టార్టవుతుంది, బండి కదులుతుంది. మరి ఇది దేనికయ్యా?"

"ఐడ్లింగు నియంత్రణ కోసం సార్" అన్నాను. అది పుస్తకంలో ఉన్న మాట.

"అంటే?" అన్నారు.

ఆ 'అంటే' దగ్గర నేను ఆగిపోయాను. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ని నేనే. తరగతిలో అందరి ముందూ నోట మాట రాకుండా నిలబడినప్పుడు ఎంత సిగ్గుపడ్డానో మీకు చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆ రాత్రే దొరికింది. ఎవరి దగ్గర దొరికిందో తరువాత చెబుతాను. ముందు విషయంలోకి వెళ్దాం.

పాత ట్రక్కు అంటే ఏమిటి?

మనకు లారీ అంటే డీజిల్ బండి. అమెరికాలో ట్రక్కు అనే మాటకు అర్థం కొంచెం వేరు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిను, వెనుక సామాను వేసుకునే తొట్టె ఉన్న పికప్ బండిని కూడా అక్కడ ట్రక్కు అనే అంటారు. రైతులు, వడ్రంగులు, చిన్న వ్యాపారులు వాటిని వాడేవారు. వాటిలో ఎక్కువ భాగం పెట్రోలు ఇంజనువి. ఉదాహరణకు షెవర్లే కంపెనీ సి-10 పికప్. 1967 నుంచి 1972 వరకు వచ్చిన నమూనాను అక్కడివారు ఇప్పటికీ ముద్దుగా చూసుకుంటారు. తాత కొన్న బండిని మనవడు బాగుచేయించుకుని నడుపుతాడు. ఇలాంటి వాటినే క్లాసిక్ ట్రక్కులు అంటారు.

ఆ బండ్లలో పెట్రోలును, గాలిని కలిపేది కార్బ్యురేటరు. గాలి ఒక సన్నని గొంతు గుండా వేగంగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గిన పీడనానికి పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. మన బెర్నౌలీ సూత్రమే. పరికరం చవక, బాగుచేయడం తేలిక. కానీ చలిలో సరిగా స్టార్టు కాదు, కొండల మీద పలుచని గాలికి తగినట్టు తనను తాను మార్చుకోలేదు, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

1970లో అమెరికాలో గాలి కాలుష్యాన్ని అరికట్టే చట్టాన్ని కట్టుదిట్టం చేశారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పొగ తగ్గాలి, పెట్రోలు ఆదా కావాలి. ఈ రెండూ జరగాలంటే ప్రతి క్షణం పెట్రోలును కొలిచి పోయాలి. ఆ పని కంప్యూటరు చేతికి వచ్చింది. జనరల్ మోటార్స్ కంపెనీ 1987 నమూనా పెద్ద పికప్ ట్రక్కుల్లో థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ అనే పద్ధతిని తెచ్చింది. కార్బ్యురేటరు కూర్చునే చోటనే ఒక పెట్టె, అందులో పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్లు, వాటికి ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే కంప్యూటరు. ఇంతే.

కార్బ్యురేటరు స్థానంలోనే కూర్చుంటుంది కాబట్టి పాత ట్రక్కుల యజమానులకు ఒక ఆలోచన వచ్చింది. పాడైన 1987 తరువాతి బండి నుంచి ఈ పెట్టెను, కంప్యూటరును, వైర్లను విప్పి తెచ్చి 1970 నాటి బండికి పెట్టుకుంటే సరి! ఇదే ఫ్యూయల్ ఇంజెక్షన్ కన్వర్షన్. మనకు ఇది కొత్త కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కూడా కార్బ్యురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. కాకపోతే మన దగ్గర ఆ పని కంపెనీలు చేశాయి. అక్కడ మనుషులు తమ షెడ్లలో చేసుకుంటున్నారు.

పాత స్పీడోమీటరులో కరెంటు లేదు

పాత బండి గేరుబాక్సు చివర ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దానికి ఒక కేబులు తగిలించి ఉంటుంది. బండి కదిలితే కేబులు లోపలి తీగ గిర్రున తిరుగుతుంది. రెండో కొస డ్యాష్‌బోర్డులోని స్పీడోమీటరులో ఉంటుంది. అక్కడ ఆ తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ దానికి తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం గిన్నెలో సుడి ప్రవాహాలను పుట్టించి దాన్ని తనతోపాటు లాగుతుంది. ఒక సన్నని స్ప్రింగు గిన్నెను వెనక్కి లాగుతుంది. రెండు బలాలూ సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జే 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కరెంటు తీగ లేదు, బ్యాటరీ లేదు. ఎంత తెలివైన పరికరమో చూడండి!

అమెరికా బండ్లలో ఈ కేబులుకు ఒక లెక్క ఉంది. బండి ఒక మైలు నడిస్తే కేబులు 1000 సార్లు తిరగాలి. అంటే గంటకు 60 మైళ్ల వేగంలో, నిమిషానికి ఒక మైలు చొప్పున, కేబులు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. తిరిగే తీగ ముల్లును కదపగలదు. కంప్యూటరుకు ఆ తిరగడం అర్థం కాదు. దానికి కావలసింది కరెంటు పల్సులు.

సైకిలు చక్రానికి అట్టముక్క

కంప్యూటరు వేగాన్ని ఎలా లెక్కిస్తుందో తెలియాలంటే మనం చిన్నప్పుడు ఆడిన ఆట గుర్తుచేసుకుంటే చాలు. సైకిలు వెనుక చక్రం దగ్గర ఒక అట్టముక్కను స్పోకులకు తగిలేలా కట్టేవాళ్లం. తొక్కుతుంటే అది మోటారు సైకిలులా టకటకమని మోగేది. నెమ్మదిగా తొక్కితే టక్... టక్... టక్. వేగంగా తొక్కితే ఒకటే మోత.

మామూలు సైకిలు వెనుక చక్రానికి 40 స్పోకులుంటాయి. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే 40 టక్కులు. కళ్లు మూసుకుని ఒక సెకనులో ఎన్ని టక్కులు వినిపించాయో లెక్కపెట్టగలిగితే సైకిలు వేగం చెప్పవచ్చు. స్పీడ్ సెన్సారు చేసేది సరిగ్గా ఇదే. ఇక్కడ టక్కు బదులు కరెంటు పల్సు. వినేది చెవి కాదు, కంప్యూటరు. ఆశ్చర్యమేమిటంటే జనరల్ మోటార్స్ ఆ తరువాతి కాలపు ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పెట్టిన చక్రానికి కూడా సరిగ్గా 40 పళ్లే ఉన్నాయి.

సెన్సార్లలో రకాలు

మొదటిది, అయస్కాంతం, తీగచుట్ట ఉన్న సెన్సారు. ఇనుప పళ్ల చక్రం దీని ముందు తిరుగుతుంటే ఒక్కో పన్ను దగ్గరకు వచ్చి దూరమైనప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారుతుంది. క్షేత్రం మారితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుగొన్న సూత్రం, మీ పదో తరగతి పాఠంలో ఉన్నదే. దీనికి రెండే వైర్లు, బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. కానీ వేగం తక్కువైతే పుట్టే విద్యుత్తు కూడా తక్కువే. బండి మనిషి నడకలా పాకుతుంటే ఇది గమనించలేదు.

రెండోది హాల్ సెన్సారు. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావం మీద పనిచేస్తుంది. దీనికి మూడు వైర్లు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్తు, ఒకటి సంకేతం. బండి చాలా నెమ్మదిగా కదిలినా దీని పల్సు ఒకే ఎత్తులో స్పష్టంగా ఉంటుంది.

మూడోది రీడ్ స్విచ్చు. అయస్కాంతం దగ్గరకు వస్తే అతుక్కుని, దూరమైతే విడిపోయే రెండు రేకులు. అతుక్కుంటే ఒక పల్సు.

పాత ట్రక్కులకు బాగా పనికివచ్చేది గేరుబాక్సుకూ కేబులుకూ నడుమ బిగించే సెన్సారు. ఒకవైపు గేరుబాక్సు దాన్ని తిప్పుతుంది, రెండోవైపు అది పాత కేబులును తిప్పుతుంది. డ్యాష్‌బోర్డులో తాతగారి కాలం నాటి స్పీడోమీటరు ఎప్పటిలాగే పనిచేస్తుంది, కంప్యూటరుకు పల్సులూ అందుతాయి. పాతదాన్ని పారేయకుండానే కొత్తదాన్ని చేర్చుకోవడం అన్నమాట.

ఈ మధ్య ఉపగ్రహాల సాయంతో వేగాన్ని లెక్కించి పల్సులు ఇచ్చే జి.పి.ఎస్. పరికరాలు కూడా వచ్చాయి. అమర్చడం తేలికే గానీ సొరంగాల్లో వాటికి సంకేతం అందదు.

లెక్క తప్పితే అంతా తప్పే

ఇప్పుడు కొంచెం గణితం. భయపడవద్దు, గుణకారం భాగహారమే.

1987 నాటి కంప్యూటరు ఒక మైలుకు 2000 పల్సులు ఆశిస్తుంది. కేబులు 1000 సార్లు తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టుకు 2 పల్సులిచ్చే సెన్సారు కావాలి. మరికొన్ని కంప్యూటర్లకు మైలుకు 4000 కావాలి. వాటికి చుట్టుకు 4 పల్సులిచ్చే సెన్సారు ఉండాలి. ఒకదానికి బదులు ఒకటి పెడితే ఏమవుతుంది? 2000 ఆశించే కంప్యూటరుకు 4000 ఇస్తే, బండి 60 మైళ్ల వేగంలో ఉన్నప్పుడు అది 120 అనుకుంటుంది. కంప్యూటరులో గరిష్ఠ వేగం పరిమితి పెట్టి ఉంటే, వేగం మించిందనుకుని నడిరోడ్డు మీద పెట్రోలు ఆపేయవచ్చు. తిరగేసి పెడితే 60ని 30 అనుకుంటుంది.

ఇక టైర్ల సంగతి. 28 అంగుళాల వ్యాసం గల టైరు చుట్టుకొలత సుమారు 88 అంగుళాలు. మైలుకు 63,360 అంగుళాలు. భాగిస్తే టైరు మైలుకు 720 చుట్లు తిరుగుతుంది. వెనుక యాక్సిలు నిష్పత్తి 3.73 అనుకోండి. అంటే చక్రం ఒకసారి తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 సార్లు తిరగాలి. 720ని 3.73తో గుణిస్తే షాఫ్టు మైలుకు సుమారు 2686 చుట్లు. దీన్ని కేబులుకు కావలసిన 1000కి తగ్గించాలి. షాఫ్టు మీద 15 పళ్ల చక్రం, కేబులుకు 40 పళ్ల చక్రం పెడితే 2686 × 15 ÷ 40 = 1007. వెయ్యికి ఏడు తేడా, పరవాలేదు.

ఇప్పుడు యజమాని అందం కోసం 31 అంగుళాల టైర్లు వేయించాడు, పళ్ల చక్రాలు మార్చలేదు. పెద్ద టైరు మైలుకు సుమారు 650 చుట్లే తిరుగుతుంది. పల్సులు నూటికి దాదాపు పది తగ్గిపోతాయి. బండి నిజంగా 60లో పోతుంటే స్పీడోమీటరు, కంప్యూటరు రెండూ 54 అంటాయి. టైరు మార్చినవాడికి తాను కంప్యూటరుకు అబద్ధం చెబుతున్నానని తెలియదు.

అసలు ప్రశ్న: అది లేకపోతే?

ఇప్పుడు మా ప్రొఫెసరు గారి ప్రశ్నకు వద్దాం. ఇంజనులోకి ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయించడానికి కంప్యూటరుకు ముఖ్యంగా కావలసినవి ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, లోపలికి పోయే గాలి పీడనం ఎంత, ఇంజను ఎంత వేడిగా ఉంది, యాక్సిలరేటరు ఎంత తొక్కారు, పొగలో ఆక్సిజను ఎంత మిగిలింది అనేవి. ఈ జాబితాలో బండి వేగం లేదు. అందుకే సెన్సారు పెట్టకపోయినా ఇంజను చక్కగా స్టార్టవుతుంది. చాలామంది ఆ వైరుకు టేపు చుట్టి పక్కన పడేసి, పనయిపోయిందనుకుంటారు.

ఆ రాత్రి హాస్టలు మెట్ల మీద కూర్చుని మా నాయినకు ఫోను చేశాను. మా నాయిన ఐదో తరగతితో చదువు ఆపేశాడు. మొదట క్లీనరు, తరువాత ఇరవై ఏళ్లు లారీ డ్రైవరు. సెమినారు బాగా జరిగిందని అబద్ధం చెబుదామనుకున్నాను గానీ గొంతు గుర్తుపట్టి, ఏమైందని అడిగాడు. జరిగింది తెలుగులో విడమరచి చెప్పాను. కొంచెంసేపు ఆగి ఇలా అన్నాడు:

"బిడ్డా, ఇంజను ఎంత తిరుగుతున్నదో తెలిస్తే ఐపాయెనా? గుట్ట దిగేటప్పుడు యాక్సిలేటరు మీద కాలు తీసేస్తం. ఐనా ఇంజను ఊకుంటదా? చక్రాలే దాన్ని తిప్పుతయి, మోత ఎక్కువనే ఉంటది. బండి నిలవడ్డప్పుడు గా మోత ఉంటే తప్పు, గుట్ట దిగేటప్పుడు ఉంటే తప్పు కాదు. ఆ తేడా నాకు కండ్లతోటి తెలుస్తది. మీ డబ్బాకు కండ్లు లేవాయె. దానికెట్ల తెల్వాలె?"

తమ్ముళ్లూ, పదిహేను రోజులు పుస్తకాలు తిరగేసినా నాకు అంతుపట్టనిది ఆ నాలుగు మాటల్లో ఉంది. దాన్నే ఇప్పుడు నా చదువు భాషలో చెబుతాను.

యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే ఇంజనులోకి గాలి పోయే పెద్ద తలుపు మూసుకుంటుంది. అప్పుడు ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పక్కన ఒక చిన్న గాలి దారి ఉంటుంది. ఆ దారిని తెరిచి మూసే చిన్న మోటారు కంప్యూటరు చేతిలో ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను, ఉదాహరణకు, నిమిషానికి 700 చుట్లు తిరగాలనుకుందాం. ఎక్కువ తిరిగితే కంప్యూటరు ఆ దారిని మూస్తుంది. తక్కువైతే తెరుస్తుంది.

ఇప్పుడు బండి గంటకు 30 మైళ్ల వేగంలో వస్తూ కూడలి దగ్గరకు చేరింది. డ్రైవరు కాలు తీశాడు. గేరులోనే ఉంది కాబట్టి చక్రాలు ఇంజనును 1500 చుట్లు తిప్పుతున్నాయి. సెన్సారు ఉంటే కంప్యూటరు, "బండి ఇంకా నడుస్తోంది, ఈ 1500 చక్రాలవల్ల వచ్చింది" అని తెలుసుకుని గాలి దారిని కొంచెం తెరిచే ఉంచుతుంది. బండి ఆగుతున్న కొద్దీ మెల్లగా 700కి దించుతుంది.

సెన్సారు లేకపోతే? కంప్యూటరు దృష్టిలో బండి నిలబడే ఉంది. "నిలబడ్డ బండికి 1500 ఎందుకు?" అని గాలి దారిని మూస్తూ పోతుంది. ఎంత మూసినా చుట్లు తగ్గవు, ఎందుకంటే తిప్పుతున్నది చక్రాలు. చివరికి దారి పూర్తిగా మూసుకుంటుంది. సరిగ్గా అప్పుడు డ్రైవరు క్లచ్చు తొక్కుతాడు. చక్రాల ఆసరా పోయింది, గాలి దారి మూసి ఉంది. ఇంజను టప్పున ఆగిపోతుంది.

ఆగితే ఏముంది, మళ్లీ స్టార్టు చేసుకోవచ్చు కదా అనుకోకండి. పవర్ స్టీరింగు ఉన్న బండిలో ఇంజను ఆగిన క్షణం స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకులకు బలమిచ్చే బూస్టరులో ఒకటి రెండు సార్లు తొక్కడానికి సరిపడా శక్తి మాత్రమే మిగిలి ఉంటుంది. మలుపు తిరుగుతూ ఉన్నప్పుడు ఇది జరిగితే? ఎదురుగా స్కూలు పిల్లలు రోడ్డు దాటుతుంటే? టేపు చుట్టి పక్కన పడేసిన ఒక్క వైరు విలువ అప్పుడు తెలుస్తుంది.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న బండికి ఇంకో నష్టం కూడా ఉంది. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్ బండిలో ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ ఇలాగే నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టరు ఉంటుంది. రెండో ఫ్యాను ఎప్పుడూ కొంచెం వెనుకబడినట్టే ఇక్కడా కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది. అందుకే బండి వేగం అందుకున్నాక ఈ రెండింటినీ క్లచ్చుతో కలిపి బిగిస్తారు. ఎప్పుడు బిగించాలో కంప్యూటరు నిర్ణయించేది స్పీడ్ సెన్సారును చూసే. సెన్సారు లేకపోతే ఆ క్లచ్చు బిగుసుకోదు. నూనె వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. ఆదా కోసం ఇంజెక్షన్ పెట్టించుకుని ఆ ఆదాను ఇక్కడ పోగొట్టుకున్నట్టే.

కంప్యూటరు మాత్రం తన బాధ చెబుతూనే ఉంటుంది. ఆ కాలపు జనరల్ మోటార్స్ బండ్లలో స్పీడ్ సెన్సారు సంకేతం అందకపోతే 24 అనే కోడు నమోదై, ఇంజను చూడమనే దీపం వెలుగుతుంది. దీపాన్ని చూసి కారణం వెతికేవారు కొందరు, బల్బు పీకేసేవారు కొందరు. లోకంలో రెండు రకాలవారూ ఉన్నారు.

ఇప్పుడు అమ్మే కొత్త కిట్లలో కొన్ని ఈ సెన్సారు లేకుండానే పనిచేసేలా తయారవుతున్నాయని కూడా చెప్పాలి. కంపెనీ బండి నుంచి తెచ్చిన కంప్యూటరును వాడేవారికి మాత్రం ఇది తప్పనిసరి.

అమర్చేవారు గుర్తుంచుకోవలసినవి

1. ముందు కంప్యూటరుకు ఏ రకం సంకేతం, మైలుకు ఎన్ని పల్సులు కావాలో తెలుసుకోవాలి. సెన్సారును ఆ తరువాతే కొనాలి. తీగచుట్ట సెన్సారు ఇచ్చే అలలాంటి సంకేతం చతురస్రపు పల్సు కోరే కంప్యూటరుకు అర్థం కాదు. మధ్యలో మార్చే పరికరం కావాలి.

2. సెన్సారు వైర్లు రెండింటినీ పురిపెట్టి, స్పార్కు ప్లగ్గు వైర్లకు దూరంగా తీసుకుపోవాలి. లేకపోతే స్పార్కు గోల దొంగ పల్సులుగా చేరి, నిలబడ్డ బండి కూడా పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది.

3. టైరు గానీ యాక్సిలు గానీ మారిస్తే పళ్ల లెక్క మళ్లీ వేయాలి.

4. పనయ్యాక రోడ్డు మీద సరిచూడాలి. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్న మరొకరు గడియారం చూడాలి. స్పీడోమీటరు 60 మీద నిలకడగా ఉంటే మైలురాయి నుంచి మైలురాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి.

మీరు కూడా చేయవచ్చు

ఈ నాలుగో పని చేయడానికి మీకు ట్రక్కు అక్కర్లేదు. ఈసారి సెలవులకు ఊరికి పోయేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఒక కిలోమీటరు రాయి నుంచి తరువాతి రాయి వచ్చేవరకు సెకన్లు లెక్కపెట్టండి. 3600ను ఆ సెకన్లతో భాగించండి. 60 సెకన్లు పడితే గంటకు 60 కిలోమీటర్లు. 72 పడితే 50. 90 పడితే 40. మీరు చేసింది సెన్సారు పనే. దూరాన్ని కాలంతో కొలిచారు. ఏ పరికరమూ లేకుండా ఒక నిజాన్ని మీ అంతట మీరే తెలుసుకున్నారు.

మరునాడు మా ప్రొఫెసరు గారి గదికి వెళ్లి జవాబు చెప్పాను. ఆయన విని, "ఎక్కడ చదివావు?" అని అడిగారు. "చదవలేదు సార్, మా నాయిన చెప్పాడు, లారీ డ్రైవరు" అన్నాను. ఆ మాట అలా తలెత్తి చెప్పడం నాకు అదే మొదటిసారి. అంతకుముందు నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే 'ట్రాన్స్‌పోర్టు' అనేవాణ్ని. సారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "రిపోర్టులో ఆ గుట్ట ఉదాహరణ కూడా రాయి" అన్నారు. రాశాను.

తమ్ముళ్లూ, మనలో చాలామంది తల్లిదండ్రులు బడి ముఖం సరిగా చూడనివారే. కానీ వారి చేతులకు, చెవులకు తెలిసిన భౌతికశాస్త్రం చాలా ఉంది. మోట తోలినవారికి, గానుగ ఆడించినవారికి, తాపీ పట్టినవారికి, లారీ నడిపినవారికి కారణాలు తెలుసు, పేర్లు తెలియవు. మనకు పుస్తకాల్లో పేర్లు దొరుకుతున్నాయి, కారణాలు ఒక్కోసారి దొరకడం లేదు. ఈ రెండింటినీ కలపగలిగేది మనమే. కాబట్టి పుస్తకంలో ఒక మాట అర్థం కాకపోతే బట్టీ పట్టకండి. "అంటే?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు దొరక్కపోతే ఇంటికి ఫోను చేయండి.

ఇంకొక్క మాట. నడిచే బండికీ నిలబడ్డ బండికీ ఇంజను చప్పుడు ఒకలాగే ఉండవచ్చు. మనమూ అంతే. పొద్దున్నే లేచి రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చున్నంత మాత్రాన ముందుకు పోతున్నట్టు కాదు. నిన్నటికంటే ఈ రోజు ఎంత దూరం వచ్చామో వారానికి ఒకసారైనా సరిచూసుకోవాలి. ఆ చిన్న వైరుకు టేపు చుట్టి పక్కన పడేయకండి.